చాకలి పద్దు

లొరీనా నిద్రపోయిందనుకుని రాస్తున్నాను.
చిన్నప్పటి గదే. రెండు మంచాలు, నడుమ ఒక్క దీపం.
ఇంగ్లీషులో రాస్తే పొద్దున్నే తను చదివేస్తుంది,
జర్మనులో రాస్తే అమ్మ చదువుతుంది.
అందుకని తెలుగులో,
నాగర్‌కర్నూల్ మున్షీ బెత్తం చూపించి దిద్దించిన
గుండ్రటి అక్షరాల్లో.

బయట నెబ్రాస్కా గాలి.
మొక్కజొన్న కోసేసిన చేల మీద
అడ్డూ ఆపూ లేకుండా వచ్చి కిటికీ తడుతోంది.
ఏడేళ్ళు అక్కడ, ఏడాది ఇక్కడ. ఇది రెండోసారి.
పెట్టె అడుగున ఇంకా పాలమూరు ఎర్రమట్టి ఉంది.
దులిపితే అమ్మ చీపురు తెస్తుంది,
అందుకే దులపలేదు.

ఈ సాయంత్రం చర్చి నేలమాళిగలో బొమ్మలు వేశాను.
జ్వీబాక్ రొట్టెలు, కాఫీ, తడి కోట్ల వాసన.
ఎడ్లబండి తలకిందులుగా పడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.
పాములుంటాయా అని ఒకడు అడిగాడు.
ఉంటాయన్నాను. ఎన్ని, అన్నాడు.
పాస్టర్ రీగియర్ ఏదో అడిగితే తల పక్కకి ఊపాను,
ఔననే;
కాదనుకుని ఆయన కూర్చున్నాడు.

తరవాత చంద్రి వచ్చింది.
తెల్లగోడంత చంద్రి,
ఈదమ్మ చంకలోంచి వంగి
నా స్టెతస్కోపు గొట్టం నములుతూ.
ఆసుపత్రి వరండా. ఫాల్గుణం ఎండ.
ఈ పాప మీరు పంపిన మందులతో బతికింది, అన్నాను.
అబద్ధం కాదు. ఫాల్గుణంలో బతికింది.
శ్రావణంలో వాగు పొంగింది.
సెలైన్ సీసాలతో జీపూ నేనూ ఇవతల,
అవతల చంద్రి.
సభల్లో ఆశ కలిగించే సంగతులే చెప్పమని
బోర్డు వారి ఉత్తరం.
ఆ వెనకే కానుక పళ్ళెం తిరగాలి కదా.
నూట పద్నాలుగు డాలర్లు. పెదవులు కదలకుండా
తెలుగులోనే లెక్కపెట్టాను.

మెట్ల దగ్గర మిసెస్ ఎప్ చెయ్యి పట్టుకుంది.
ఎనభయ్యేళ్ళ చెయ్యి, సూదిపోట్ల గరుకు.
"కట్లు కట్టడానికని ఒక దుప్పటి పంపాను,
నీలం పూల అంచు, నా పెళ్ళినాటిది. చేరిందా?"
చేరింది.
"పనికొచ్చిందా?"

ఆ అంచు చింపబుద్ధి కాలేదు నాకు.
నీళ్ళు తీశాక వాగు దాటితే
సంచిలో పనికొచ్చేది అదొక్కటే ఉంది.
చంద్రి రెండు మూరలు కూడా లేదు, దుప్పటి చాలా మిగిలింది.
కత్తిరించబోతే ఈదమ్మ ఆపింది,
ఉండనీ దొరసానీ, చలి పెడ్తది పిల్లకు.
నాలుగు మడతలు వేశాం.

"చాలా పనికొచ్చిందమ్మా."
ఆవిడ ముఖం వెలిగింది.
ఆ ముఖంతోనే మంచు తొక్కుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఎప్పుడు బయల్దేరుతున్నావని ఈ ఊళ్ళో అందరూ అడుగుతారు.
ఎప్పుడొస్తవని ఈదమ్మ అడగలేదు.
బస్సు దాకా వచ్చి నిలబడింది, అంతే.
జనవరిలో ఓడ.
ఎక్కాలనుందో లేదో దేవుణ్ణి ఇంకా అడగలేదు.
ఆయనకు తెలుగు నాకన్నా బాగా వచ్చు,
మాట మార్చి తప్పించుకోలేను.

మిగతా ముక్కలు పొద్దున, అమ్మ పాలు పితకడానికి వెళ్ళాక:

మంచం కిర్రుమంది.
ఇంతసేపు ఏం రాస్తున్నావంది లొరీనా.
చాకలి పద్దు, అన్నాను.
మోచేతి మీద లేచి కాగితం వైపు చూసింది.
పొలం మనిషి, విత్తనాల్లో తాలు ఏరే కళ్ళు.
వేలు పెట్టి చూపించింది.
"ఈ మాట, కింద కొడవలి ఉన్నది,
నాలుగు చోట్ల వచ్చింది. ఏం బట్ట?"
చిన్న చొక్కా.
"నాలుగా?"
ఒకటే.
కాసేపు ఏమీ అనలేదు. దీపం తనే తగ్గించింది.
చీకట్లో అడిగింది,
"పోయిందా?"

పోయింది, అన్నాను.